థాయ్ బేసిల్ ఊరికే పూతకొస్తోంది, కూరలో వాసన నిలవట్లేదు: ఏం చేయాలి?

మీరు అడిగినవి నాలుగు. కుండీలో మొక్క అడుగున్నర లేచి పూతకొచ్చేసింది, పూత గిల్లినా వారంలో మళ్ళీ వస్తోంది, ఆకులు చిన్నవై గట్టిపడ్డాయి, థాయ్‌లాండ్ కొబ్బరిపాల కూర గ్రీన్ కర్రీలో గుప్పెడు వేసినా వాసన తెలియలేదు. చివర్లో, ఇంట్లో ఉన్న తులసి వేయొచ్చా అని కూడా అడిగారు.

ఈ మొక్క వాసన ఆకు మీదుండే సన్నటి నూనె తిత్తుల్లో ఉంటుంది. లేత ఆకులో అవి దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆకు విచ్చుకుని ముదిరేకొద్దీ ఎడం అవుతాయి. ఆ నూనె కొంచెం వేడికే ఎగిరిపోతుంది. కాబట్టి పెంచేటప్పుడు మొక్క ఎప్పుడూ లేత చిగుళ్ళు వేస్తుండేలా చూసుకోవాలి, వండేటప్పుడు ఆకును చివర్లో వేయాలి. నూనె తీసే రైతులు మాత్రం మంచి పూత మీద ఉన్నప్పుడే కోస్తారు, ఎందుకంటే వాళ్ళకు పూవెన్నుల్లోని నూనె కూడా లెక్కే. వంటింటి లెక్క వేరు. పూత మీదున్న ఆకు కాస్త చేదు తిరిగి, నమిలితే పీచులా తగులుతుంది.

ముందు మీ దగ్గరున్నది ఏ మొక్కో తేల్చుకోండి. థాయ్‌లాండ్ వంటలో ఈ కోవవి మూడు ఆకులున్నాయి, నర్సరీలో మూడింటికీ ఒకే చీటీ తగిలించడం మామూలే. మొదటిది హొరాపా. దీన్నే బయట థాయ్ బేసిల్ అంటారు. కాడ ఊదా రంగు, ఆకు సన్నగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది, పూలు ఊదా రంగు గుత్తి. ఆకు నలిపితే సోంపు వాసన. రెండోది క్రపావ్. కాడ మీద నూగు ఉంటుంది, ఆకు మెరవదు, అంచు రంపపు పళ్ళలా ఉంటుంది, వాసన లవంగాన్ని తలపిస్తూ ఘాటుగా ఉంటుంది. మూడోది మేంగ్లక్. లేత ఆకుపచ్చ ఆకు, తెల్ల పూలు, నిమ్మ వాసన. గ్రీన్ కర్రీ, రెడ్ కర్రీలకు హొరాపా. అన్నం మీద గుడ్డు పెట్టి ఇచ్చే పాడ్ క్రపావ్‌కు క్రపావ్. మేంగ్లక్ ఎక్కువగా కేంగ్ లియాంగ్ అనే కూరగాయల సూప్‌లోకి వెళ్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే వంట చెడిపోదు గానీ, అది వేరే వంట అవుతుంది.

తులసి సంగతి. క్రపావ్, మన తులసి వృక్షశాస్త్రం ప్రకారం ఒకే జాతి, ఆసిమమ్ టెన్యుఫ్లోరమ్. కానీ అక్కడ తరతరాలుగా తినడానికి ఎంచుకున్న రకాలు వేరు, మన కృష్ణ తులసి వేరు. మనదాంట్లో కషాయపు ఘాటు ఎక్కువ, ఆకు బిరుసు. తప్పదంటే పాడ్ క్రపావ్‌లో కింద చెప్పిన కొలతలో సగం, అదీ లేత చిగుళ్ళే వేయండి. గ్రీన్ కర్రీకి అసలు పనికిరాదు. పైగా కోటలో పూజ చేసే మొక్క ఆకు చికెన్‌లో వేయడం చాలా ఇళ్ళల్లో ఒప్పుకోరు, ఆ గొడవెందుకు, వంటకు వేరే కుండీ పెట్టుకోండి.

హొరాపాకు మన దగ్గర అసలైన చుట్టం రుద్రజడ, కొన్నిచోట్ల భూతులసి అంటారు. వేసవిలో నానబెట్టుకుని తాగే సబ్జా గింజలు దానివే. కిరాణా కొట్టు సబ్జా పాతది కాకపోతే చక్కగా మొలుస్తుంది. అయితే వాసన మాత్రం ప్యాకెట్టుకొక రకంగా ఉంటుంది. కొన్నిట్లో సోంపు బాగా తెలుస్తుంది, కొన్నిట్లో పచ్చిగడ్డి వాసన. పది మొక్కలు మొలిపించి, ఒక్కోదాని ఆకు నలిపి చూసి, నచ్చిన ఒక్కటి ఉంచుకుని దాని కొమ్మలే నాటుకోవడం చవకైన దారి. విత్తనం కొనేటట్లైతే సియామ్ క్వీన్ అనే రకం తీసుకోండి. 1997లో, కొత్త విత్తన రకాలకు ఇచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ బహుమతి వచ్చిన రకం, గుబురుగా వస్తుంది, మామూలు హొరాపా కంటే ఆకు పెద్దది.

విత్తడంలో ఒక్కటే జాగ్రత్త: గింజ నానబెట్టకండి. సబ్జా లాగే దీనికీ తడి తగలగానే జిగురు తొడుగు వస్తుంది, వేళ్ళకంటుకుని ముద్దలుగా పడుతుంది. పొడి గింజనే చల్లి, పైన రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే జల్లించిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) వేసి, స్ప్రేతో తడపండి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. నాలుగు నుంచి ఏడు రోజుల్లో అర్ధచంద్రాకారంలో రెండు బీజదళాలు లేస్తాయి. అవి కాకుండా రెండు జతల ఆకులు వచ్చాక, అంటే సుమారు మూడు వారాలకు, కుండీల్లోకి మార్చాలి. ఈలోపు మొక్కలు నేల దగ్గర సన్నబడి పక్కకు ఒరిగిపోతుంటే అది నారుకుళ్ళు. మందు వెతక్కండి, తడి తగ్గించి, గాలి తగిలేచోట పెట్టండి. నీళ్ళు ఉదయమే, అదీ ట్రే అడుగున పోసి పైకి పీల్చుకోనివ్వడం మేలు. పడిపోయిన మొక్క ఎలాగూ లేవదు.

హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా విత్తుకోవడం సులువు. జూన్, జులైలో కూడా వస్తుంది గానీ ముసురు పట్టిన వారాల్లో కుండీ చూరు కిందికి జరపాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఆఖరి మంచు తేదీకి ఆరు వారాల ముందు ఇంట్లో నారు పోసుకుని, రాత్రి వేడి 12 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పోవడం ఆగాకే బయటపెట్టాలి. చలికి ఈ ఆకు నల్లబడిపోతుంది, మళ్ళీ పచ్చబడదు.

కుండీ 10 నుంచి 12 అంగుళాలది, ఒక్కోదాంట్లో ఒక్కటే మొక్క. మట్టి పాళ్ళు: ఎర్రమట్టి నాలుగు, వర్మీకంపోస్టు మూడు, కోకోపీట్ మూడు. మూడు వారాలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టు పైపైన కలిపితే చాలు. యూరియా జోలికి పోవద్దు. ఆకులు అరచేయంత వస్తాయి, వాసన మాత్రం పలచబడుతుంది. రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 12 తర్వాత 50 శాతం షేడ్ నెట్ నీడ ఉండాలి, లేకపోతే అంచులు కాలతాయి. నీళ్ళకు లెక్క పెట్టుకోకుండా వేలు అంగుళం లోతు దింపి చూడండి. పొడిగా ఉంటే కిందినుంచి కారేదాకా పోయండి, తడి తగిలితే ఆ పూట వదిలేయండి. మిట్ట మధ్యాహ్నం ఆకులు వాలిపోవడం ఎండ దెబ్బ, సాయంత్రానికి లేస్తాయి. తెల్లవారుజామున కూడా వాలి ఉండి, మట్టి తడిగానే ఉంటే వేరు కుళ్ళుతోందని అర్థం.

ఇక మీ అసలు సమస్య, గిల్లడం. మొక్క 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎదిగాక కిందినుంచి మూడు కణుపులు లెక్కపెట్టండి. మూడో కణుపుకు అర సెంటీమీటరు పైన కత్తెరతో తల తీసేయండి. ఆ కణుపులో రెండు ఆకుల మొదట్లో దగ్గరగా చూస్తే ఆవగింజంత మొగ్గలు ఎదురెదురుగా ఉంటాయి, అవే రెండు కొమ్మలవుతాయి. ఆ రెండూ నాలుగేసి కణుపులు వేశాక ఒక్కోదాన్నీ రెండో కణుపు మీద కోయండి. ఇలా మూడు విడతలు చేస్తే ఒక కాడ ఎనిమిది అవుతుంది. ఒకేసారి మొక్కలో మూడో వంతుకు మించి తీయకండి. మన వాళ్ళు ఎక్కువమంది చేసేది, అవసరమైనప్పుడల్లా కింద పెద్ద ఆకులు ఒక్కొక్కటి తెంపడం. దానివల్ల మొక్క బోసి కాడతో పైకి సాగిపోతుంది, తల మీద పూత పెడుతుంది. కోత పైనుంచి జరగాలి, కొమ్మగా జరగాలి.

పూత గిల్లినా మళ్ళీ వస్తోందన్నారు. పూవెన్ను ఒక్కటే తుంచితే అలాగే అవుతుంది. వెన్ను కనబడే సమయానికి దాని కింది కణుపులోని మొగ్గ కూడా పూతకు తిరిగి ఉంటుంది. అందుకే వెన్నుతో పాటు దాని కింద రెండు కణుపులు కలిపి తీసేయాలి. ఇంకా నయం ఏమిటంటే వెన్ను రాకముందే పసిగట్టడం: కొమ్మ చివర ఆకులు చిన్నవై, ఒకదాని మీద ఒకటి నాలుగు పలకల గోపురంలా పేర్చుకుని, కాస్త ఊదా తిరిగితే నాలుగైదు రోజుల్లో వెన్ను సాగుతుంది. ఆ దశలోనే కోయండి, ఆ ముక్క కూరలోకి బాగుంటుంది కూడా. పగలు పొడుగయ్యేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ, కుండీ ఎండిపోయి మొక్క బెదిరినా పూత తొందరపడుతుంది. ఏప్రిల్‌లో వారానికోసారి కత్తెర పట్టాల్సిందే.

మీ అడుగున్నర మొక్కను నిలువునా కింద దాకా నరికేయకండి. కాడ చెక్కబారిన చోట ఆకు లేకుండా కోస్తే చాలాసార్లు చిగురు రాదు. ప్రతి కొమ్మకూ కనీసం రెండు జతల ఆకులు మిగిలేలా కోసి, గుప్పెడు ఎరువు వేసి, పది రోజులు ఆగండి. ఐదారు నెలలు దాటిన మొక్కైతే దాని మీద ఆశ పెట్టుకోకుండా కొమ్మ నాటుకోండి. పూత లేని లేత కొమ్మ 10 సెంటీమీటర్లు కణుపు కింద కోసి, కింది సగం ఆకులు తీసి, గాజు సీసాలో రెండు కణుపులు మునిగేలా పెట్టండి. నేరుగా ఎండ తగలకూడదు, రెండు రోజులకోసారి నీళ్ళు మార్చాలి. వారం పది రోజుల్లో తెల్లటి వేళ్ళు వస్తాయి. అవి రెండు అంగుళాలు కాగానే మట్టిలోకి మార్చండి, సీసాలోనే వదిలేస్తే ఆ వేళ్ళు మట్టికి అలవాటుపడటం కష్టం. మీ మొక్క గింజలు దాచి విత్తితే అదే రకం వస్తుందన్న నమ్మకం లేదు. పక్కన రుద్రజడ ఉంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి.

తెగుళ్ళలో భయపడాల్సింది రెండు. ఆకు పైన ఈనెల మధ్య పసుపు, కింద బూడిద-ఊదా రంగు నూగు కనబడితే అది బూజు తెగులు. ఇటాలియన్ బేసిల్‌ను తుడిచిపెట్టేస్తుంది, హొరాపా కొంచెం ఓర్చుకుంటుంది. సోకిన ఆకులు తీసి చెత్తలో పారేయండి, కంపోస్టులో వేయకండి. సాయంత్రం ఆకులు తడపడం మానేయండి. రెండోది ఎండు తెగులు: ఒక పక్క కొమ్మలు వాలి, కాడ చీల్చితే లోపల గోధుమరంగు చారలుంటాయి. దీనికి మందు లేదు, మొక్కతో పాటు ఆ మట్టి కూడా పారేసి కుండీ కడగాలి. పురుగుల్లో పేనుబంక, తెల్లదోమ, ఎండాకాలంలో ఎర్రనల్లి. ముందు గట్టి నీటిధారతో ఆకుల అడుగు మూడు రోజులు వరసగా కడగండి, చాలావరకు తగ్గుతాయి. తగ్గకపోతే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, 1 మిల్లీలీటరు సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టండి. కానీ కోత పెట్టుకున్న వారంలో వద్దు. కడిగినా వేప చేదు ఆకులోంచి అంత తొందరగా పోదు, కూరంతా అదే రుచి వస్తుంది.

వంటకు వద్దాం. కోత ఉదయం ఎండ ముదరకముందే. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఆకు నల్ల మచ్చలు తేలుతుంది. కొత్తిమీరలా గ్లాసు నీళ్ళలో కాడలు పెట్టి, పైన పలచటి కవరు వదులుగా కప్పి, వంటింట్లోనే ఉంచితే నాలుగైదు రోజులుంటుంది. కడిగితే వాడే ముందే కడగండి. కత్తితో తరిగితే అంచులు నల్లబడతాయి, వాసన తరిగే పలక మీదే మిగులుతుంది. ఆకులు గిల్లి మొత్తంగా వేయడమే థాయ్ పద్ధతి.

గ్రీన్ కర్రీ, ముగ్గురికి. పెద్ద కొబ్బరికాయ తురిమి, కప్పు గోరువెచ్చని నీళ్ళతో చిక్కటి పాలు, ఒకటిన్నర కప్పు నీళ్ళతో రెండో పాలు తీయండి. చిక్కటి పాలు గంట కదపకుండా ఉంచితే మీగడ పైకి తేలుతుంది. ఆ మీగడ బాణలిలో మధ్యమ మంట మీద నూనె తేలేదాకా మరిగించి, 50 గ్రాముల గ్రీన్ కర్రీ పేస్టు వేసి మూడు నాలుగు నిమిషాలు వేయించాలి. ప్యాకెట్ కొబ్బరిపాలు చాలావాటిలో విరగకుండా ఏదో ఒకటి కలుపుతారు, ఎంత మరిగించినా నూనె తేలదు. అప్పుడు రెండు చెంచాల నూనె విడిగా వేసి పేస్టు వేయించుకోండి. పేస్టు పచ్చిగా ఉండిపోతే ఎంత బేసిల్ వేసినా ఆ పచ్చి వాసన కిందే పడిపోతుంది. మీ కూరలో జరిగింది ఇదీ కావచ్చు. తర్వాత 300 గ్రాముల చికెన్ తొడ ముక్కలు రెండు నిమిషాలు తిప్పి, మిగిలిన పాలు పోసి, గుండ్రటి తెల్ల వంకాయలు 100 గ్రాములు నాలుగేసి ముక్కలు చేసి వేసి, ఎనిమిది పది నిమిషాలు మూత లేకుండా ఉడికించండి. ఫిష్ సాస్ ఒక పెద్ద చెంచా, బెల్లం ఒక చిన్న చెంచా. తాటిబెల్లం వేస్తే రంగు నల్లగా తిరుగుతుంది, రుచీ మారుతుంది, మామూలు తెల్ల బెల్లమే నయం. పేస్టులోనే ఉప్పుంటుంది కనుక రుచి చూశాకే ఫిష్ సాస్ పోయండి. శాకాహారులు దాని బదులు లైట్ సోయా సాస్, చిటికెడు ఉప్పు. ముక్క ఉడికాక మంట ఆపేసి, పొంగు చల్లారాక వదులుగా కొలిచిన కప్పు ఆకులు, సుమారు 20 గ్రాములు, వేసి రెండుసార్లు కలిపి మూత పెట్టండి. రెండు నిమిషాల్లో వడ్డించాలి. ఉదయం వండి రాత్రికి తినేటట్లైతే ఆకు వేయకుండా ఉంచి, వేడిచేసినప్పుడు ఏ పూటకా పూట వేసుకోండి.

వంకాయ వేపుడు ఇంకా తొందరగా అవుతుంది, హొరాపా రుచి ఇందులో బాగా తెలుస్తుంది. పొడుగు వంకాయలు 300 గ్రాములు ఏటవాలుగా కోసి ఉప్పునీళ్ళలో వేయండి. మూడు పెద్ద చెంచాల నూనె బాగా కాగాక ఐదు వెల్లుల్లి రెబ్బలు, మూడు పండుమిర్చి కచ్చాపచ్చాగా దంచినవి వేసి పది సెకన్లకే వంకాయ వేయండి, వెల్లుల్లి ఎర్రబడితే చేదు. నిమిషం తిప్పి పావు కప్పు నీళ్ళు చల్లి నాలుగు నిమిషాలు మూత. మెత్తబడ్డాక థాయ్ సోయాగింజల పేస్టు తావ్ జియావ్ ఒక పెద్ద చెంచా, పంచదార ఒక చిన్న చెంచా. ఆ పేస్టు ఉప్పగా ఉంటుంది, విడిగా ఉప్పు అక్కర్లేదు. పెద్ద మంట మీద ఒక కప్పు ఆకు వేసి, అది వాలగానే, అంటే పది పదిహేను సెకన్లకే, దించేయాలి. తైవాన్ వాళ్ళ ‘మూడు కప్పుల చికెన్’ అనే వంటకంలోనూ ఇంతే, ఈ ఆకు చివరి అరనిమిషంలోనే పడుతుంది.

పాడ్ క్రపావ్‌కు క్రపావ్ ఆకు దొరికితే: 250 గ్రాముల చికెన్ ఖీమా, దంచిన వెల్లుల్లి ఆరు రెబ్బలు, పచ్చిమిర్చి ఐదు, ఆయిస్టర్ సాస్ ఒక పెద్ద చెంచా, ఫిష్ సాస్ రెండు చిన్న చెంచాలు, పంచదార ఒకటి. మంట తగ్గించకూడదు, తగ్గిస్తే ఖీమా నీరు వదిలి ఉడుకుతుంది, వేగదు. క్రపావ్ ఆకు ఒకటిన్నర కప్పు, ఇది హొరాపా కంటే కొంచెం వేడి ఓర్చుకుంటుంది, అరనిమిషం వేయించవచ్చు.

మన వంటల్లో దీన్ని కరివేపాకులా తాలింపులో వేయొద్దు, నూనెలో ముప్ఫై సెకన్లు వేగిన ఆకు కరకరలాడుతుంది గానీ వాసన మిగలదు. ఇంగువ తాలింపున్న పప్పులో దీని సోంపు తగాదా పెట్టుకుంటుంది. కొబ్బరిపాలు పోసిన రొయ్యల కూరలో, పెసరపప్పు-కీరా కోసంబరిలో బాగుంటుంది, అదీ దించాకే.

ఎక్కువగా వచ్చినప్పుడు ఎండబెట్టకండి, ఎండినదాంట్లో గడ్డి తప్ప ఏమీ ఉండదు. రెండు కప్పుల ఆకుకు నాలుగు పెద్ద చెంచాల వాసన లేని నూనె పోసి బరకగా తిప్పి, ఐస్ ట్రేలో గడ్డకట్టించి, డబ్బాలోకి మార్చి ఫ్రీజర్‌లో పెట్టండి. రంగు కాస్త నల్లబడినా కూరకు ఫర్వాలేదు, మూడు నెలల్లోపు వాడేయాలి. ముగ్గురికి సరిపడా కూరలో దించాక రెండు ముక్కలు.